గ్యోకెరెస్ వచ్చాడు, మరి బంతి అందేదెలా? ఆర్సెనల్ దాడిపై, ఈ సీజన్ ఆశలపై చర్చ

హైబరీ ఎరుపు:

అందరికీ నమస్కారం. 2025-26 ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్‌లో మూడు మ్యాచ్‌లు ముగిశాయి, జాతీయ జట్ల కోసం విరామం మొదలైంది. మన ఆర్సెనల్ దాడి గురించి తొందరపడకుండా మాట్లాడుకోవడానికి ఇదే అనువైన సమయం. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌పై 1-0తో గెలిచాం, సొంతగడ్డపై లీడ్స్‌ను 5-0తో చిత్తు చేశాం, ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్ చేతిలో 0-1తో ఓడాం. ఆ ఓటమి కూడా 83వ నిమిషంలో సోబోస్లాయ్ చాలా దూరం నుంచి కొట్టిన అద్భుతమైన ఫ్రీకిక్ వల్ల వచ్చిందే తప్ప, మన డిఫెన్స్ కుప్పకూలి వచ్చింది కాదు.

అందువల్ల నా ఆందోళన ఆ ఒక్క ఫలితం గురించి కాదు, మనం చేసిన ఆరు గోల్స్ వచ్చిన తీరు గురించి. వాటిలో మూడు కార్నర్ల నుంచి వచ్చాయి, ఒకటి పెనాల్టీ. ఓపెన్ ప్లేలో వచ్చినవి రెండే రెండు, సాకాది ఒకటి, కొత్త స్ట్రైకర్ గ్యోకెరెస్‌ది ఒకటి, ఆ రెండూ లీడ్స్‌పైనే. మన కంటే బలహీనమైన జట్టుపై ఇంట్లో ఆడినప్పుడు తప్ప, ఆట నడుస్తుండగా ప్రత్యర్థి డిఫెన్స్‌ను ఛేదించి చేసిన గోల్ ఇంతవరకూ లేదన్నమాట.

గత మూడు సీజన్లలోనూ మనం రెండో స్థానంలోనే ఆగిపోయాం. 2022-23లో 88 గోల్స్, 84 పాయింట్లు. 2023-24లో 91 గోల్స్, 89 పాయింట్లు. 2024-25లో 69 గోల్స్, 74 పాయింట్లు. మొదటి సీజన్‌లో ఓడెగార్డ్, మార్టినెల్లి, సాకా, జీసస్ నలుగురూ లీగ్‌లో రెండంకెల గోల్స్ చేశారు. రెండో సీజన్‌లో ఆ సంఖ్య ముగ్గురికి తగ్గింది. గత సీజన్‌లో ఒక్కరూ లేరు. అందరికంటే ఎక్కువ చేసిన హవర్ట్స్ కూడా 9 దగ్గర ఆగిపోయాడు. ఈ లోటు తీర్చడానికే మన క్లబ్ పోర్చుగల్ జట్టు స్పోర్టింగ్ నుంచి గ్యోకెరెస్‌ను తెచ్చింది. అక్కడ రెండు సీజన్లలో 102 మ్యాచ్‌లలో 97 గోల్స్ చేసినవాడు, ఒకప్పటి మన మేటి స్ట్రైకర్ ఆన్రీ ధరించిన 14వ నంబరు చొక్కా వేసుకుని వచ్చాడు. అయితే ఓల్డ్ ట్రాఫర్డ్‌లో గంట ఆట కాగానే అతడిని బయటికి పిలిచారు, ఆన్‌ఫీల్డ్‌లో అతడు మైదానంలో ఉన్నాడో లేడో అన్నట్టు గడిచింది.

నా ప్రశ్నలు రెండు. గ్యోకెరెస్ ఇంగ్లండ్ లీగ్ వేగానికి అలవాటు పడటానికి సమయం తీసుకుంటున్నాడా, లేక అతడికి కావలసిన బంతిని మన ఆట తీరే ఇవ్వలేకపోతోందా? అందరూ ఆరోగ్యంగా ఉన్న రోజున మీరు ముందు వరుసలో ఎవరెవరిని ఆడిస్తారు?

నార్త్ బ్యాంక్:

మీ మొదటి ప్రశ్నకు నా సమాధానం సూటిగా చెబుతాను: లోపం మన ఆట తీరులోనే ఎక్కువగా ఉంది. అలాగని గ్యోకెరెస్ ఎక్కడైనా, ఎలాగైనా గోల్ చేయగలవాడని నేను అనడం లేదు.

అతడు స్పోర్టింగ్‌లో ఆడిన మ్యాచ్‌లు శ్రద్ధగా చూసినవారికి ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. అతడు పెనాల్టీ బాక్సు మధ్యలో నిలబడి క్రాస్ కోసం ఎదురుచూసే రకం స్ట్రైకర్ కాదు. ప్రత్యర్థి కుడి ఫుల్‌బ్యాక్‌కూ (అంచున ఆడే డిఫెండర్), అతడి పక్కనున్న సెంటర్‌బ్యాక్‌కూ (మధ్యలో ఆడే డిఫెండర్) మధ్య ఉండే సందులోకి పరుగు తీసి, భుజంతో డిఫెండర్‌ను అడ్డుకుంటూ బంతిని అందుకుని, అక్కడినుంచి లోపలికి దూసుకెళ్లి కొట్టడం అతడి బలం. దానికి రెండు కావాలి: డిఫెన్స్ వెనుక ఖాళీ జాగా, ఆ జాగా మూసుకుపోకముందే వచ్చే పాస్. 2024 నవంబర్‌లో మూడు వారాల తేడాతో జరిగిన రెండు మ్యాచ్‌లు గుర్తు చేసుకోండి. డిఫెన్స్‌ను బాగా ముందుకు తెచ్చి ఆడే మాంచెస్టర్ సిటీపై అతడు హ్యాట్రిక్ కొట్టాడు, స్పోర్టింగ్ 4-1తో గెలిచింది. అదే నెలలో అదే మైదానానికి మనం వెళ్లి 5-1తో గెలిచిన రోజున, మన సెంటర్‌బ్యాక్‌లు సలీబా, గాబ్రియేల్ అతడిని గోల్ వైపు తిరగనివ్వలేదు, పరుగు తీసే దారి ఇవ్వలేదు, దాంతో అతడి పేరు స్కోరు పట్టికలో లేదు. ఆటగాడు ఒక్కడే. అతడికి దొరికిన జాగాలో తేడా.

ఇప్పుడు మన ఆట చూడండి. బంతి మన దగ్గర ఉన్నప్పుడు వెనుక ముగ్గురు, వారి ముందు ఇద్దరు, అన్నిటికంటే ముందు అయిదుగురుగా జట్టు పరుచుకుంటుంది. ప్రత్యర్థులు పది మందీ వెనక్కి వెళ్లి బాక్సు ముందు గోడ కడతారు. మనం ఆ గోడ చుట్టూ బంతిని కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి తిప్పుతాం. ఈ పద్ధతి హవర్ట్స్‌కు సరిపోయింది, ఎందుకంటే అతడు కిందికి దిగి వచ్చి, ఒక్క టచ్‌తో బంతిని పక్కవాడికి ఇచ్చి, మళ్లీ బాక్సులోకి వెళ్లేవాడు. అంతకుముందు జీసస్ కూడా అంతే. రెండు మూడేళ్లుగా మన మిడ్‌ఫీల్డర్లు తమ వైపు నడిచి వచ్చే స్ట్రైకర్‌కు పాస్ ఇవ్వడానికి అలవాటు పడ్డారు. తమ నుంచి దూరంగా పరుగెత్తే స్ట్రైకర్ వారికి కొత్త. గ్యోకెరెస్ పరుగు మొదలుపెట్టే క్షణంలో మనవాళ్లు ఒక టచ్ అదనంగా తీసుకుంటారు, తల ఎత్తేసరికి డిఫెండర్ సర్దుకుంటాడు, బంతి మళ్లీ పక్కకు వెళుతుంది.

లీడ్స్‌పై అతడు చేసిన మొదటి గోల్‌ను మరోసారి చూడమని మనవి. రెండో సగం మొదలైన కొద్ది నిమిషాలకే, లీడ్స్ డిఫెన్స్ ఇంకా సర్దుకోకముందే మన డిఫెండర్ కలాఫియోరి బంతిని ఆలస్యం చేయకుండా ముందుకు పంపాడు. గ్యోకెరెస్ ఎడమ వైపున దాన్ని అందుకుని, ఎదురుగా ఉన్న డిఫెండర్‌ను దాటుకుంటూ లోపలికి తిరిగి, దగ్గరి పోస్టు వైపు నేలబారుగా కొట్టాడు. అందులో అందమైన పాస్‌ల వరుస ఏదీ లేదు, ఉన్నదల్లా వేగం. ఆ ఒక్క గోల్‌లో మనకు కావలసిన పాఠమంతా ఉందని నా అభిప్రాయం. బంతిని తిరిగి దక్కించుకున్న తర్వాత వచ్చే మొదటి పాస్ ముందుకు పోవాలి. మన జట్టులో ఆ పాస్‌ను చూడగలిగినవాడు జుబిమెండి. అతడు రియల్ సొసైదాద్ నుంచి వచ్చింది డిఫెన్స్ ముందు కాపలా కాయడానికి మాత్రమే కాదు. రెండు లైన్ల మధ్య నుంచి నిలువుగా బంతిని పంపే నేర్పు అతడికి ఉంది. అతడూ గ్యోకెరెస్ ఒకరినొకరు అర్థం చేసుకోవడానికి ఇంకొన్ని వారాలు పడుతుంది, అంతవరకు ఓపిక పట్టాలి.

రెండో బంతి:

నార్త్ బ్యాంక్ గారి విశ్లేషణతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, కార్నర్ల నుంచి వచ్చే గోల్స్‌ను తక్కువ చేసి చూసే ధోరణి నాకు నచ్చదు. ప్రశ్న అడిగినవారు ఆ ఉద్దేశంతో అనలేదని తెలుసు, అయినా ఈ మాట చెప్పాలి.

కార్నర్లు, ఫ్రీకిక్‌ల కోచ్ నికొలా జోవెర్ 2021లో మన దగ్గరికి వచ్చాక కార్నర్ అనేది మనకు దాడిలో ఒక ప్రధాన భాగమైంది. 2023-24 లీగ్‌లో కార్నర్ల నుంచే 16 గోల్స్ చేశాం. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో గెలిపించిన గోల్ ఎలా వచ్చిందో చూడండి. మన మిడ్‌ఫీల్డర్ రైస్ బంతిని గోల్ లైను వైపు వంగేలా వేశాడు, మనవాళ్లు గోల్‌కీపర్ చుట్టూ గుమిగూడి అతడికి ముందుకు వచ్చే దారి లేకుండా చేశారు, అతడి చేతికి సరిగా చిక్కని బంతిని కలాఫియోరి దాదాపు లైను మీద నుంచి తలతో లోపలికి నెట్టాడు. చూసేవారికి అది తొక్కిసలాటలా కనిపించవచ్చు. కానీ ఎవరు ఎక్కడినుంచి పరుగు మొదలుపెట్టాలి, ఎవరు ఎవరి దారికి అడ్డు నిలవాలి అనేది సాధన చేసి, చేసి వచ్చినది. గత సీజన్ ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్‌లో రియల్ మాడ్రిడ్‌ను 3-0తో ఓడించిన రాత్రి మొదటి రెండు గోల్స్ రైస్ నేరుగా కొట్టిన ఫ్రీకిక్‌లే కదా! ఆ గోల్స్‌కు విలువ తక్కువని ఆ రాత్రి ఎవరైనా అన్నారా?

గోల్స్ సంఖ్య గురించి కూడా ఒక మాట. మనం చివరిసారి లీగ్ గెలిచిన 2003-04లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా 26 విజయాలు, 12 డ్రాలతో 90 పాయింట్లు సాధించాం. ఆ జట్టు చేసిన గోల్స్ 73. వాటిలో 30 ఆన్రీవే. ఇచ్చినవి 26 మాత్రమే. అంటే గత సీజన్‌లో మనం చేసిన 69కీ, ఆ జట్టు చేసిన 73కీ పెద్ద దూరం లేదు. కాలం మారింది, ఇప్పుడు టైటిల్‌కు ఇంకా ఎక్కువ గోల్స్ కావాలి, గత సీజన్ లివర్‌పూల్ 86 చేసింది, అదంతా ఒప్పుకుంటాను. అయినా గోల్స్ సంఖ్య పెరగడం కంటే, అవి అవసరమైన రోజున రావడం ముఖ్యం.

గత సీజన్‌లో మనం ఓడింది నాలుగే మ్యాచ్‌లు, లీగ్ విజేత లివర్‌పూల్ కూడా ఓడింది నాలుగే. మనల్ని ముంచింది 14 డ్రాలు. వాటిలో అయిదింటిని విజయాలుగా మార్చుకుని ఉంటే మన 74 పాయింట్లు 84 అయ్యేవి, అవి సరిగ్గా లివర్‌పూల్ సాధించిన పాయింట్లు. డిసెంబర్‌లో సొంతగడ్డపై ఎవర్టన్‌తో 0-0. ఫిబ్రవరిలో నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌తో 0-0. జనవరిలో ఆస్టన్ విల్లాపై రెండు గోల్స్ ఆధిక్యం చేజార్చుకుని 2-2. ఇందులో మొదటి రెండూ స్ట్రైకర్ లేని లోటు వల్ల, మూడోది ఆధిక్యాన్ని కాపాడుకోలేకపోవడం వల్ల. గ్యోకెరెస్ సీజన్ మొత్తంలో ఇరవై గోల్స్ చేస్తాడా అని నేను అడగను. 0-0 దగ్గర బిగుసుకుపోయిన అలాంటి నాలుగైదు మ్యాచ్‌ల తాళం తీస్తాడా అన్నదే నాకు ముఖ్యం.

ఎడమ పాదం:

ముందు వరుసలో ఎవరిని ఆడించాలన్న రెండో ప్రశ్నను ఇంతవరకు ఎవరూ తాకలేదు కాబట్టి దాని గురించి రాస్తాను. నా దృష్టిలో మన అసలు సమస్య ఎడమ వైపున ఉంది.

కొన్నేళ్లుగా మన దాడి బరువంతా కుడి వైపున సాకా, ఓడెగార్డ్ మోస్తున్నారు. వారిద్దరి మధ్య ఉన్న అవగాహన చూడముచ్చటైనది, అందులో సందేహం లేదు. కానీ ప్రత్యర్థి కోచ్‌లందరికీ అది తెలిసిపోయింది. సాకాకు బంతి అందగానే ఫుల్‌బ్యాక్‌కు తోడుగా వింగర్ వస్తాడు, చాలాసార్లు మిడ్‌ఫీల్డర్ కూడా వస్తాడు. ముగ్గురు ఒకరి మీద పడ్డారంటే మైదానంలో మరోచోట మనవాళ్లు ఖాళీగా ఉన్నట్టే. ఆ ఖాళీ ఎడమ వైపున ఉంటుంది. అక్కడికి బంతి చేరినప్పుడు ఒంటరిగా ఎదురయ్యే డిఫెండర్‌ను దాటగలవాడు మనకు ఉండాలి. 2022-23లో మార్టినెల్లి ఆ పని చేశాడు, లీగ్‌లో 15 గోల్స్ కొట్టాడు. తర్వాతి రెండు సీజన్లలో అవి 6, 8 అయ్యాయి. అతడి శ్రమలో లోపం లేదు, వెనక్కి వచ్చి డిఫెన్స్‌కు సాయపడటంలో అతడికి సాటి లేరు. అయితే అతడికి కూడా గ్యోకెరెస్‌కు కావలసిందే కావాలి, అంటే పరుగెత్తడానికి ముందు జాగా. కిక్కిరిసిన చోట, నిలబడిన చోటు నుంచి డిఫెండర్‌ను తప్పించే నేర్పు అతడికి తక్కువ.

ఆ నేర్పు ఎజేకు ఉంది. అతడు మన అకాడమీలోనే పెరిగి, 13 ఏళ్ల వయసులో క్లబ్ వద్దనుకుంటే వెళ్లిపోయినవాడు. ఎన్నో మెట్లు ఎక్కి, గత మే నెలలో ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌లో మాంచెస్టర్ సిటీపై ఏకైక గోల్ చేసి క్రిస్టల్ ప్యాలెస్‌కు దాని చరిత్రలోనే మొదటి పెద్ద ట్రోఫీ తెచ్చిపెట్టాడు. హవర్ట్స్ మోకాలికి గాయమయ్యాక, టోటెనమ్‌కు వెళ్లడానికి దాదాపు సిద్ధమైన అతడిని మన క్లబ్ తెచ్చుకున్న తీరు ఈ వేసవిలో నాకు అన్నిటికంటే సంతోషం కలిగించిన విషయం. ఎజే బంతిని అందుకున్నప్పుడు వేగంగా కదలడు, నెమ్మదిస్తాడు. ఎదుటివాడు కూడా నెమ్మదించగానే ఒక్కసారిగా భుజం వంచి మరో వైపుకు వెళ్లిపోతాడు. గుంపులో జాగా సృష్టించగలిగే ఇలాంటి ఆటగాడు మనకు పాత మిడ్‌ఫీల్డర్ కాజోర్లా తర్వాత రాలేదు.

కాబట్టి నా ముందు వరుస: కుడి వైపు సాకా, మధ్యలో గ్యోకెరెస్, ఎడమ వైపు ఎజే. వారి వెనుక ఓడెగార్డ్, రైస్, వారికి ఆధారంగా జుబిమెండి. ఎడమ ఫుల్‌బ్యాక్‌గా కలాఫియోరి బయటి అంచు వెంట పైకి వెళితే, ఎజే స్వేచ్ఛగా లోపలికి రాగలడు. ప్రత్యర్థులు అలసిపోయిన చివరి అరగంటలో మార్టినెల్లి, కొత్త వింగర్ మదుయెకె దిగితే వారి వేగాన్ని తట్టుకోవడం ఎవరికైనా కష్టం. ట్రొసార్డ్ ఎలాగూ తక్కువ అవకాశాల్లోనే గోల్ చేయగలవాడు.

నార్త్ బ్యాంక్:

ఎడమ పాదం గారూ, మీ కూర్పు కాగితం మీద చాలా బాగుంది, నాకూ ఇష్టమే. కానీ ఒక చిక్కు ఉంది. గ్యోకెరెస్ పరుగు తీసేది ఎడమ వైపు సందులోకి, ఎజే లోపలికి వచ్చేది కూడా ఆ సందులోకే. ఇద్దరూ ఒకే చోటికి చేరితే వారిద్దరినీ కాయడానికి ప్రత్యర్థికి ఒక్క డిఫెండర్ చాలు. మార్టినెల్లితో కూడా ఇదే ఇబ్బంది వచ్చింది, అతడు అంచున నిలబడకుండా గ్యోకెరెస్ దారిలోకి వచ్చిన సందర్భాలు ఈ మూడు మ్యాచ్‌లలోనే కనిపించాయి.

నా ఆలోచన ఏమిటంటే, ఎజేను ఎడమ వింగర్‌గా కాక ఎడమ వైపు మిడ్‌ఫీల్డర్‌గా, అంటే ఇప్పుడు మెరీనో ఆడుతున్న చోట ఆడించాలి. అప్పుడు అంచున మార్టినెల్లి గాని ట్రొసార్డ్ గాని ఉండి ఫుల్‌బ్యాక్‌ను బయటికి లాగుతారు, గ్యోకెరెస్‌కు సందు తెరుచుకుంటుంది, ఎజే ఆ వెనుక నుంచి బంతి అందిస్తాడు. దీనివల్ల రైస్, జుబిమెండి ఇద్దరూ కాస్త వెనుకగా ఉండాల్సి వస్తుంది, మిడ్‌ఫీల్డ్‌లో బలం కొంత తగ్గుతుంది. సొంతగడ్డపై ఆడే మ్యాచ్‌లలో ఆ నష్టాన్ని మనం భరించగలం.

హైబరీ ఎరుపు:

అందరికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలు చదివాక నాకు ఆన్‌ఫీల్డ్ మ్యాచ్ గురించి మరో సందేహం వచ్చింది. ఆ రోజు మన కోచ్ ఆర్టెటా మిడ్‌ఫీల్డ్‌లో రైస్, జుబిమెండి, మెరీనోలను ఆడించాడు. లీడ్స్ మ్యాచ్‌లో భుజానికి దెబ్బ తగిలిన ఓడెగార్డ్ బెంచిపై ఉన్నాడు, తొడ కండరం గాయంతో సాకా అసలు లేడు. మొదటి సగంలో కుడి వైపు మదుయెకె బాగానే ఇబ్బంది పెట్టాడు. ఆట పూర్తిగా మన చేతుల్లో ఉన్నట్టే అనిపించింది, కానీ గోల్ చేయాలన్న తపన ఎక్కడా కనిపించలేదు. ఎజే, ఓడెగార్డ్ 70వ నిమిషం దగ్గర గాని దిగలేదు. ఇది గాయాల వల్ల తప్పనిసరైన జాగ్రత్తా, లేక పెద్ద మ్యాచ్‌లలో ఓడకుండా ఉంటే చాలనుకునే స్వభావమా?

రెండో బంతి:

తప్పనిసరైన జాగ్రత్తే అంటాను. అయిదో నిమిషంలోనే సలీబా గాయపడి వెళ్లిపోతే, అప్పుడే వలెన్సియా నుంచి వచ్చిన మొస్కెరా, ఇంకా పెద్ద మ్యాచ్‌ల అనుభవం లేని కుర్రవాడు, ఆన్‌ఫీల్డ్‌లో మిగతా ఆటంతా ఆడాల్సి వచ్చింది. చాలా చక్కగా ఆడాడు కూడా. అలాంటి పరిస్థితిలో ఏ కోచ్ అయినా ముందు వెనుక తలుపు గడియ వేసుకుంటాడు. 83వ నిమిషం వరకు ఆ లెక్క తప్పలేదు.

నార్త్ బ్యాంక్:

ఇక్కడ మాత్రం నేను మీతో ఏకీభవించలేను. సలీబా గాయం ఆట మొదలైన తర్వాతి విషయం, ముగ్గురు మిడ్‌ఫీల్డర్ల ఎంపిక అంతకుముందే జరిగింది. ఆ ముగ్గురూ మంచి ఆటగాళ్లే, కానీ ఎవరూ డిఫెండర్‌ను దాటుకుని బంతితో ముందుకు వెళ్లే స్వభావం ఉన్నవారు కాదు, ఒక్క రైస్ కొంతవరకు తప్ప. దాంతో గ్యోకెరెస్‌కూ మిడ్‌ఫీల్డ్‌కూ మధ్య దూరం విపరీతంగా పెరిగింది. అతడు లివర్‌పూల్ సెంటర్‌బ్యాక్‌లు వాన్ డైక్, కొనాటే మధ్య ఒంటరిగా పెనుగులాడాడు. పొడవాటి బంతిని ఆపి నిలబెట్టినా, దాన్ని అందుకోవడానికి దగ్గరలో మనవాడెవరూ లేరు. ఎజేకు అది మొదటి మ్యాచ్ కాబట్టి ఆరంభం నుంచి దించకపోవడం అర్థం చేసుకోగలను. కానీ లివర్‌పూల్ మొదటి సగంలో మనల్ని ఏమీ చేయలేకపోయిందని కళ్లముందు కనిపిస్తున్నప్పుడు, విరామం తర్వాతైనా అతడిని దించి గెలవడానికి ప్రయత్నించి ఉండాల్సింది. చివరి ఇరవై నిమిషాల వరకు ఆగడం నన్ను ఎంతో బాధించింది.

ఆర్టెటా మీద నాకు గౌరవం ఉంది. 2019 డిసెంబర్‌లో అతడు బాధ్యత తీసుకున్నప్పుడు ఈ జట్టు ఎలా ఉండేదో మనందరికీ తెలుసు. వచ్చిన కొద్ది నెలలకే 2020 ఎఫ్‌ఏ కప్ గెలిపించాడు, తర్వాత జట్టును ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ దాకా తీసుకెళ్లాడు. అయితే ఆ కప్ తర్వాత పెద్ద ట్రోఫీ రాలేదు. అడిగిన ఆటగాళ్లందరినీ క్లబ్ ఈ వేసవిలో ఇచ్చింది. గ్యోకెరెస్, ఎజే, మదుయెకె, జుబిమెండి, నార్గార్డ్, మొస్కెరా, చివరి రోజున హింకాపియే. డిఫెన్స్ ఇప్పటికే యూరప్‌లోని అత్యుత్తమ డిఫెన్స్‌లలో ఒకటి. ఇలాంటి జట్టుతో ఆన్‌ఫీల్డ్‌లో డ్రా కోసం ఆడకూడదు.

పై మెట్టు:

నేను కొద్దిగానే రాస్తాను. సీనియర్ల గురించే అందరూ మాట్లాడారు గానీ, కుర్రవాళ్లను మరచిపోవద్దు. లీడ్స్ మ్యాచ్‌లో 15 ఏళ్ల మాక్స్ డౌమన్ లీగ్‌లో అడుగుపెట్టాడు. లీగ్ చరిత్రలో అతడికంటే చిన్న వయసులో ఆడింది ఒక్క ఎన్వానెరీయే, అతడూ మనవాడే. డౌమన్ దిగీదిగగానే కుడి వైపు నుంచి డిఫెండర్ల మీదికి భయం లేకుండా వెళ్లాడు, చివరి నిమిషాల్లో గ్యోకెరెస్ కొట్టిన పెనాల్టీని సంపాదించింది కూడా అతడే. ఎన్వానెరి గత సీజన్‌లో అన్ని పోటీల్లో కలిపి 9 గోల్స్ చేశాడు, ఇప్పుడు కొత్త ఒప్పందం కూడా చేసుకున్నాడు. సాకా గాయం మానేవరకు కుడి వైపు మదుయెకె ఒక్కడి మీదే భారం వేయకుండా, ఎన్వానెరికి తగినన్ని నిమిషాలు ఇవ్వాలని నా విన్నపం. గత డిసెంబర్‌లో క్రిస్టల్ ప్యాలెస్ మ్యాచ్‌లో సాకా కండరం పట్టేసి ఏప్రిల్ వరకు ఆడలేకపోయాడు. మళ్లీ అదే రకం గాయం. అతడిని తొందరపెట్టి దించితే సీజన్ మొత్తానికి నష్టం.

ఎడమ పాదం:

పై మెట్టు గారు చెప్పినది అక్షరాలా నిజం. గత సీజన్‌లో జీసస్, హవర్ట్స్ ఇద్దరూ గాయాలతో దూరమయ్యాక, ఫిబ్రవరిలో లెస్టర్ మ్యాచ్‌లో మెరీనోను స్ట్రైకర్‌గా దించాల్సి వచ్చింది. అతడు రెండు గోల్స్ చేసి గెలిపించాడు, తర్వాత కూడా ఆ చోటులో ఎంతో నిజాయితీగా ఆడాడు. కానీ టైటిల్ కోసం పోరాడే జట్టు మిడ్‌ఫీల్డర్‌ను స్ట్రైకర్‌గా ఆడించి నెలల తరబడి నెట్టుకురావడం మంచిది కాదు. ఇప్పుడు హవర్ట్స్ మళ్లీ లేడు, జీసస్ ఇంకా కోలుకుంటున్నాడు. అంటే గ్యోకెరెస్‌కు ఏమైనా జరిగితే మనం మళ్లీ మెరీనో దగ్గరికే వస్తాం. అందుకే అతడిని ప్రతి మ్యాచ్‌లో 90 నిమిషాలు ఆడించడం కంటే, ఫలితం తేలిపోయిన మ్యాచ్‌లలో ట్రొసార్డ్‌ను మధ్యలో ఆడించి అతడికి విశ్రాంతి ఇవ్వడం ఇప్పటినుంచే అలవాటు చేసుకోవాలి.

నార్త్ బ్యాంక్ గారు లేవనెత్తిన చిక్కు గురించి: ఎజే, గ్యోకెరెస్ ఒకే సందులోకి వస్తారన్నది నిజమే. అయితే ఇద్దరూ ఒకే సమయంలో రానక్కర లేదు. ఎజే లోపలికి వచ్చి బంతి అందుకుంటే గ్యోకెరెస్ కుడి సెంటర్‌బ్యాక్ వెనక్కి, అంటే గోల్ వైపుకు నేరుగా పరుగు తీయవచ్చు. గ్యోకెరెస్ ఎడమకు జరిగితే ఎజే బాక్సు అంచున ఖాళీ అయిన చోటికి రావచ్చు. ఇది శిక్షణ మైదానంలో కుదిరే విషయం. మిడ్‌ఫీల్డర్‌గా ఆడించాలన్న మీ సూచనను నేను తోసిపుచ్చడం లేదు. ఛాంపియన్స్ లీగ్‌లో స్పెయిన్‌లోని బిల్బావో లాంటి చోట్ల నా కూర్పు, సొంతగడ్డపై మీ కూర్పు ఆడిస్తే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది.

రెండో బంతి:

సీజన్ ఆశల గురించి చివరగా నా అభిప్రాయం చెబుతాను. లివర్‌పూల్ మూడు మ్యాచ్‌లూ గెలిచి 9 పాయింట్లతో ఉంది. ఈ వేసవిలో విర్ట్స్‌ను, ఎకిటికేను తెచ్చుకుంది, చివరి రోజున ఇసాక్‌ను కూడా తీసుకుంది. కాగితం మీద వారి దాడి మన దాడి కంటే బలమైనదే. కానీ వారు గెలిచిన మొదటి రెండు మ్యాచ్‌లలో రెండేసి గోల్స్ ఇచ్చుకున్నారు. సిటీ అప్పుడే రెండు ఓడింది. 35 మ్యాచ్‌లు మిగిలి ఉండగా మూడు పాయింట్ల తేడా లెక్కలోది కాదు.

నా కళ్లు మాత్రం సెప్టెంబర్ మీదే ఉన్నాయి. 13న ఇంట్లో ఫారెస్ట్, 16న బిల్బావో, 21న ఇంట్లో సిటీ, 28న న్యూకాజిల్‌లో. ఈ నాలుగింటిలో నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చేది చివరిదానికి. గత రెండు సీజన్ల లీగ్‌లో అక్కడ 0-1తో ఓడాం, గత ఫిబ్రవరి లీగ్ కప్ సెమీఫైనల్‌లో అక్కడే 0-2తో ఓడాం. మూడుసార్లు వెళ్లి ఒక్క గోల్ కూడా చేయలేదు. అక్కడి డిఫెండర్లు ఒంటి మీదికి వచ్చి ఆడతారు, రెండో బంతి కోసం, అంటే ఎవరికీ చిక్కకుండా విడిపడిన బంతి కోసం ప్రాణం పెడతారు. అలాంటి చోట హవర్ట్స్ కంటే, జీసస్ కంటే, మెరీనో కంటే గ్యోకెరెస్ బలమైనవాడు. న్యూకాజిల్ మైదానం సెయింట్ జేమ్స్ పార్క్‌లో అతడు గోల్ చేయకపోయినా ఫర్వాలేదు. ఇద్దరు సెంటర్‌బ్యాక్‌లను తనతో కట్టిపడేసి, ఎజేకో మార్టినెల్లికో ఒక్క గోల్ చేసే జాగా ఇస్తే చాలు. ఫారెస్ట్ మ్యాచ్‌కు జట్టు ప్రకటించగానే మిడ్‌ఫీల్డ్‌లో మూడో పేరు ఎవరిదో చూసి మళ్లీ మాట్లాడుకుందాం.

హైబరీ ఎరుపు:

తప్పకుండా. ఆ మూడో పేరు ఎజేదో, ఓడెగార్డ్‌దో అయి ఉండాలని నా కోరిక. ఫారెస్ట్ గత ఫిబ్రవరిలో మనల్ని 0-0తో ఆపినట్టే ఈసారి కూడా బాక్సు ముందు గోడ కట్టుకుని కూర్చుంటే, మొదటి పావుగంటలో గ్యోకెరెస్ పరుగులకు ఎన్నిసార్లు ముందుకు పాస్ వచ్చిందో గమనించి ఇక్కడ రాస్తాను. మీరూ గమనించండి.